మెదడు సాచెట్లు కొనే ముందు మీ మెస్ చూడండి: ఇంటర్ హాస్టళ్ళ యాజమాన్యాలకు బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంటర్, నీట్, జేఈఈ రెసిడెన్షియల్ కాలేజీలు నడుపుతున్న యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్ళకు, వార్డెన్లకు, మెస్ కాంట్రాక్టర్లకు

నమస్కారం.

మీ ఆఫీసుకు ఈపాటికే ఎవరో ఒకరు బ్రోచర్ పట్టుకుని వచ్చే ఉంటారు. రాకపోతే త్వరలో వస్తారు. పేగుల్లో ఉండే బ్యాక్టీరియా మెదడు మీద పనిచేస్తుందని, రోజుకో సాచెట్ నీళ్ళలో కలిపి తాగిస్తే పిల్లలకు పరీక్ష భయం తగ్గి ఏకాగ్రత పెరుగుతుందని చెబుతారు. ఇందులో మొదటి సగం నిజం. రెండో సగానికి సరైన ఆధారం లేదు.

మేం జీర్ణకోశ వైద్యం, మానసిక వైద్యం, మైక్రోబయాలజీ, పోషకాహారం రంగాల్లో పనిచేసేవాళ్ళం. మేం చెప్పదలుచుకున్నది ఇది: ఆ సాచెట్లకు పెట్టే డబ్బు ఆపండి. పిల్లల పేగులకూ, పేగుల ద్వారా కొంతవరకు మనసుకూ మేలు చేసే పనులు మీ వంటగదిలో, మరుగుదొడ్ల దగ్గర, సిక్ రూమ్ మందుల డబ్బాలో, టైంటేబుల్లో ఉన్నాయి. వాటిలో చాలావాటికి పెద్ద ఖర్చు కూడా లేదు.

ముందు ఆ నిజమైన సగం సంగతి చూద్దాం. మనిషి ఒంట్లో బ్యాక్టీరియా కణాలు సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయి, మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. బ్యాక్టీరియా మనకు పదింతలు అన్న పాత లెక్కను 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు సరిచేశారు. వీటిలో అత్యధికం పెద్దపేగులోనే ఉంటుంది. మనకు అరగని పీచు అక్కడికి చేరితే బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాలుగా మారుస్తుంది. పెద్దపేగు లోపలి పొర బతికేది ముఖ్యంగా ఆ బ్యూటిరేట్ మీదే. పీచు అందని ఎలుకల్లో కొన్ని రకాల బ్యాక్టీరియా పేగు గోడను కాపాడే జిగురు పొరనే తినడం మొదలుపెట్టినట్టు ప్రయోగాల్లో తేలింది.

పేగు నుంచి మెదడుకు సమాచారం వెళ్ళే దారులు చాలా ఉన్నాయి. వేగస్ నాడి వాటిలో ఒకటి. ఆ నాడి పోగుల్లో దాదాపు 80 శాతం కింది అవయవాల నుంచి పైకి, మెదడుకు కబురు మోసేవే. పేగు గోడ దగ్గర రోగనిరోధక కణాలు విడుదల చేసే సైటోకైన్లు అనే రసాయనాలు ఇంకో దారి. కార్టిసాల్ లాంటి ఒత్తిడి హార్మోన్లు మరో దారి. 2004లో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయం వాళ్ళు అసలు బ్యాక్టీరియానే లేకుండా పెంచిన ఎలుకలను కదలకుండా బంధించి చూశారు. మామూలు ఎలుకల కంటే వాటిలో ఒత్తిడి హార్మోన్ బాగా ఎక్కువగా పెరిగింది. చిన్న వయసులోనే వాటి పేగులకు ఒక రకం బిఫిడోబ్యాక్టీరియా అందిస్తే ఆ తేడా పోయింది. ఈ రంగంలో ఇవాళ జరుగుతున్న పరిశోధనకు బలమైన మొదలు అదే.

మూడ్‌తో ముడిపెట్టి చెప్పే సెరొటోనిన్ అనే రసాయనం సంగతి ప్రతి బ్రోచర్‌లోనూ ఉంటుంది. ఒంట్లో సెరొటోనిన్ 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుందన్నది నిజమే. పేగు బ్యాక్టీరియా ఆ తయారీని పెంచుతుందని 2015లో ఎలుకల్లో తేలింది కూడా. కానీ పేగులో తయారైన సెరొటోనిన్ రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడను దాటి వెళ్ళదు. మెదడు తనకు కావలసింది తనే తయారు చేసుకుంటుంది. పేగులో సెరొటోనిన్ పని వేరు: పేగు కదలిక, స్రావాలు, వికారం, పొట్టలో నొప్పి తెలియడం. ‘పేగులో సెరొటోనిన్ పెరిగితే ఆనందం పెరుగుతుంది’ అని ఎవరైనా అంటే, ఆ మనిషి దగ్గర ఏమీ కొననక్కర్లేదు.

ఇక రెండో సగం. 2011లో ఐర్లాండ్‌లోని కార్క్ పరిశోధకులు లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జేబీ-1 అనే బ్యాక్టీరియాను ఎలుకలకు పెట్టారు. వాటిలో ఆందోళన తగ్గింది. వేగస్ నాడిని కోసేసిన ఎలుకల్లో ఆ ఫలితం కనిపించలేదు, అంటే కబురు ఆ నాడి మీదుగానే వెళ్ళిందన్నమాట. ప్రపంచమంతా ఆ వ్యాసాన్ని ఎత్తుకుంది. 2017లో అదే ఊరి పరిశోధకులు అదే బ్యాక్టీరియాను ఆరోగ్యవంతులైన మగవాళ్ళకు ఇచ్చి, పోల్చి చూడటానికి ఉత్తుత్తి గుళికలూ ఇచ్చారు. మనసులో గానీ, ఒత్తిడిలో గానీ, తెలివిలో గానీ తేడా రాలేదు. ఫలితం తమకు అనుకూలంగా లేకపోయినా అచ్చు వేసిన ఆ పరిశోధకులను మెచ్చుకోవాలి. బ్రోచర్లలో 2011 ఉంటుంది, 2017 ఉండదు.

2019లో బెల్జియంలో 1,054 మందిని పరీక్షించినప్పుడు డిప్రెషన్ ఉన్నవాళ్ళ పేగుల్లో కోప్రోకాకస్, డయలిస్టర్ అనే రెండు రకాల బ్యాక్టీరియా తక్కువగా ఉన్నట్టు తేలింది. అయితే ఏది ముందు? బ్యాక్టీరియా తగ్గితే దిగులు వచ్చిందా, దిగులుతో తిండి సయించక బ్యాక్టీరియా తగ్గిందా? ఒక్కసారి నమూనా తీసి చేసిన పరీక్షతో ఆ ప్రశ్న తేలదు. అందుకే మలం పరీక్ష చేసి ‘మీ అబ్బాయి మూడ్ స్కోరు’ అంటూ రంగుల రిపోర్టు ఇచ్చే కిట్లను కూడా మేం వద్దంటున్నాం. ఇవాళ ఏ మానసిక వ్యాధినీ ఆ పరీక్షతో నిర్ధారించలేం.

ఈ సాచెట్ల కంటే తిండికి కాస్త గట్టి ఆధారం ఉంది. 2017లో ఆస్ట్రేలియాలో డిప్రెషన్‌తో బాధపడుతున్న 67 మందిని రెండు జట్లుగా చేసి 12 వారాలు చూశారు. ఒక జట్టుకు పప్పులు, కూరగాయలు, పండ్లు, ముడిధాన్యాలు, చేపలు ఎక్కువగా ఉండే భోజనం అలవాటు చేశారు. రెండో జట్టుకు అంతే సమయం కబుర్లతో తోడు ఇచ్చారు. భోజనం మార్చినవాళ్ళలో 32 శాతం మంది, రెండో జట్టులో 8 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. చిన్న ప్రయోగం, పైగా ఎవరు ఏ జట్టో వాళ్ళకే తెలుసు కాబట్టి ఆ అంకెలను భూతద్దంలో చూడకూడదు. చాలామంది మామూలు చికిత్స కూడా తీసుకుంటూనే ఉన్నారు. 2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 36 మందితో చేసిన ప్రయోగంలో రోజూ పెరుగు, పులిసిన పదార్థాలు బాగా తిన్నవాళ్ళలో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, వాపును సూచించే ప్రొటీన్లు తగ్గాయి. వాళ్ళు తిన్నది రోజుకు ఆరుసార్ల దాకా, పది వారాల ప్రయోగంలో. భోజనం చివర ఒక చెంచా పెరుగుతో అంత మార్పు ఆశించకూడదు.

ఇప్పుడు మీ మెస్ సంగతి. ఒక రోజు ఒక విద్యార్థి పళ్ళెంలో పీచు ఎంత ఉందో లెక్క వేయించండి. బాపట్లలో పుట్టిన సాంబమసూరి అన్నానికి సాటి లేదు, కాదనం. కానీ తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకు పీచు 3 గ్రాములకు లోపే. రోజుకు 350 గ్రాముల బియ్యం అన్నం తిన్నా దాదాపు 10 గ్రాములు. కందిపప్పు మనిషికి 30 గ్రాములు పడితే ఇంకో 3. పల్చటి సాంబారులో ముక్కలు, కూర కలిపి 100 గ్రాముల కూరగాయలు అనుకుంటే మరో 3. టిఫిన్‌లో ఇడ్లీ, ఉప్మా నుంచి 2. మొత్తం 18. కావలసింది 30 దగ్గర. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2,000 కేలరీలు తినే మనిషికి రోజుకు కూరగాయలు 400 గ్రాములు, అందులో ఆకుకూర 100 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, పాలూ పెరుగూ కలిపి 300 మిల్లీలీటర్లు ఉండాలి. ఎదిగే వయసు పిల్లలకు ఇంకాస్త ఎక్కువే కావాలి. మీ ఇండెంట్ పుస్తకం పక్కన పెట్టుకుని చూస్తే ఎక్కడ కొరత ఉందో వెంటనే తెలుస్తుంది.

ఆ లోటు పూడ్చడానికి తేలిక దారి సాయంత్రం స్నాక్. ఇప్పుడు ఆ వేళకు మిక్చరో, పునుగులో, బిస్కెట్ ప్యాకెట్టో ఇస్తున్నారు. వాటి బదులు గుగ్గిళ్ళు పెట్టండి. ముడి శనగల్లో 100 గ్రాములకు 25 గ్రాముల పీచు ఉంటుంది. మనిషికి 40 గ్రాముల శనగలు వేస్తే 10 గ్రాములు వచ్చేస్తుంది. దానితో పాటు ఒక జామకాయ ఇస్తే ఇంకో 8. అరటిపండు మంచిదే గానీ పీచు విషయంలో జామకు దరిదాపుల్లో కూడా రాదు.

ఇక్కడే చాలా హాస్టళ్ళు తప్పు చేసి వెనక్కి తగ్గుతాయి. మొదటి రోజే నిండు గిన్నె శనగలు పెడితే రాత్రి స్టడీ అవర్‌లో అందరికీ కడుపుబ్బరం, గ్యాస్. ‘పిల్లలు తినరండీ’ అని వంట మాస్టర్ మళ్ళీ బజ్జీల మూకుడు పెడతాడు. శనగల్లో ఉండే రాఫినోస్ లాంటి చక్కెరలను పేగు బ్యాక్టీరియా ఒక్కసారిగా పులియబెట్టడమే ఆ గ్యాస్. బ్యాక్టీరియా అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. 500 మంది ఉన్న హాస్టల్ అయితే మొదటి వారం మనిషికి 15 గ్రాముల చొప్పున ఏడున్నర కిలోలు, రెండో వారం 25 గ్రాముల చొప్పున పన్నెండున్నర, మూడో వారం నుంచి 40 గ్రాముల చొప్పున 20 కిలోలు వండండి. ఉదయం ఆరింటికి నానబోస్తే మధ్యాహ్నం మూడింటికి సరిపోతుంది. మన ఎండల్లో మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చకపోతే నురగ కట్టి వాసన వస్తుంది. నానిన నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళతో ఉడికించండి, రాఫినోస్‌లో కొంత ఆ నీళ్ళతోనే పోతుంది. ఒక రోజు శనగలు, ఒక రోజు బొబ్బర్లు, ఒక రోజు పెసలు, మధ్యలో ఉడికించిన వేరుశనగకాయలు. రకం మారుతుంటే వాటిని తినే బ్యాక్టీరియాలోనూ రకాలు ఉంటాయి. కూరల్లో దోసకాయ, సొరకాయ, బంగాళదుంపలే మార్చి మార్చి వండటం ఆపి తోటకూర పప్పు, గోంగూర, చిక్కుడు, అరటికాయ, గోరుచిక్కుడు తెండి. గోరుచిక్కుడంటే పిల్లలు మొహం తిప్పుకుంటారని తెలుసు. పల్లీల పొడి చల్లిన రోజు పళ్ళేలు ఖాళీ అవుతాయి.

పెరుగు విషయంలో వివరంగా రాయక తప్పదు. హాస్టల్ మెస్‌లలో ‘పెరుగు’ పేరుతో వడ్డించేది తరచుగా పుల్లటి తెల్లనీళ్ళే. పాలు మరిగించాక 40 నుంచి 42 డిగ్రీలకు చల్లారనివ్వండి. ధర్మామీటర్ కొనండి, వంట మాస్టర్ వేలి అంచనా ఒకరోజులా ఇంకోరోజు ఉండదు. పాలు 50 దాటి వేడిగా ఉండగా తోడు వేస్తే తోడులోని బ్యాక్టీరియా చాలావరకు చచ్చిపోతుంది, తెల్లారేసరికి పాలు జిగురుగా సాగుతాయి గానీ గట్టిపడవు. అలా సాగిన పాలు పిల్లలకు పోయకండి. పది లీటర్ల పాలకు వేసవిలో 100 మిల్లీలీటర్ల తోడు, డిసెంబర్, జనవరిలో 200 మిల్లీలీటర్లు చాలు. తోడు ముందుగా కొన్ని గోరువెచ్చని పాలలో గిలక్కొట్టి ఆ తర్వాత గిన్నెలో కలపాలి. ముద్దగా వేస్తే గిన్నెలో ఒక మూల పులుస్తుంది, ఇంకో మూల పాలుగానే ఉంటుంది. మే నెలలో బెజవాడలో వంటగది వేడికి నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది. తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. రాత్రి పదింటికి తోడుపెట్టి మర్నాడు మధ్యాహ్నం దాకా బయట వదిలేస్తే పైన నీరు తేలి, నోట్లో పెట్టుకోలేనంత పులుస్తుంది, పిల్లలు పక్కన పడేస్తారు. మధ్యాహ్నం భోజనానికి కావలసింది తెల్లవారుజామున తోడుపెట్టండి. మనిషికి 150 మిల్లీలీటర్లు అంటే 500 మందికి 75 లీటర్ల పాలు.

పెరుగన్నం కలిపేటప్పుడు ఆవిరి వస్తున్న అన్నంలో పెరుగు పోస్తే ఆ బ్యాక్టీరియా అక్కడే ఆఖరు. అన్నం చేత్తో కలపగలిగేంత చల్లారాక కలపండి. మజ్జిగ పులుసు రుచికి బాగుంటుంది గానీ మరిగించాక అందులో బతికున్న బ్యాక్టీరియా ఉండదు. ఇడ్లీ పిండి చక్కగా పులుస్తుంది, ఆవిరికి దానిలోదీ చస్తుంది. ఇడ్లీ వల్ల అరుగుదల బాగుంటుంది, తినండి, దాన్ని ప్రోబయోటిక్ (మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా) అనకండి. ఆవకాయ కూడా అంతే. అంత ఉప్పు, నూనె, ఆవపిండి, కారంలో పేగుకు పనికొచ్చే బ్యాక్టీరియా పెద్దగా మిగలదు. ఆవకాయ మన బలహీనత, మందు కాదు.

చద్దన్నం గురించి ఈమధ్య వీడియోలు చూసి కొందరు మెస్‌లలో మొదలుపెట్టారని వింటున్నాం. ఇంట్లో నలుగురికి వండిన అన్నం గంటలో చల్లారుతుంది, దానిలో నీళ్ళు, మజ్జిగ పోసి ఉంచితే తెల్లారేసరికి పులుపెక్కుతుంది. ఆ పులుపే చెడు బ్యాక్టీరియాను ఆపుతుంది. యాభై కిలోల అన్నం ఉన్న డేగిశాలో నడిమి అన్నం అర్ధరాత్రికి కూడా వెచ్చగానే ఉంటుంది. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా విత్తులు ఉడికినా చావవు. ఆ వెచ్చదనంలో మొలిచి విషం తయారు చేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు. కాబట్టి హాస్టల్‌లో చద్దన్నం వద్దు. అంతకంటే ముఖ్యం, రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున పులిహోర, ఫ్రైడ్ రైస్ చేసే అలవాటు మానండి. తప్పదంటే రాత్రే అన్నాన్ని వెడల్పాటి ట్రేలలో రెండంగుళాల మందానికి మించకుండా పరిచి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆ స్థలం లేకపోతే అంత అన్నం వండకూడదు.

గుంటూరులో కారం తగ్గించమని రాసే ధైర్యం మాకూ లేదు. అయితే మిరపలోని క్యాప్సెయిసిన్ పేగుల్లో నొప్పి, మంట తెలిపే నాడులను నేరుగా తట్టి లేపుతుంది. మామూలు పేగుకు అది అలవాటే. ఐబీఎస్ (పేగులో పుండు లేకుండానే తరచూ కడుపునొప్పి వచ్చే జబ్బు) ఉన్న పిల్లలకు తిన్న కాసేపటికే మెలిపెట్టి బాత్రూమ్‌కు పరుగు తీయాల్సి వస్తుంది. ప్రతి పూటా కారం వేయని పప్పో, కూరో ఒకటి, పెరుగు ఒకటి అందుబాటులో ఉంచితే చాలు. పరీక్షల వారంలో ఇది తప్పనిసరి.

ఐబీఎస్ అంటే మూడు నెలలుగా వారానికి కనీసం ఒక రోజైనా కడుపునొప్పి ఉండటం, ఆ నొప్పి విరేచనంతో ముడిపడి ఉండటం, వెళ్ళే తీరు లేదా మలం గట్టిదనం మారడం. పరీక్షలు చేస్తే పేగులో పుండూ ఉండదు, గడ్డా ఉండదు. అందుకే ‘నటిస్తున్నాడు’ అంటారు. నటన కాదు. ఒత్తిడిలో మెదడు విడుదల చేసే హార్మోన్లు పెద్దపేగు కదలికను పెంచుతాయి, అదే సమయంలో పేగు నుంచి వచ్చే మామూలు కబురు కూడా మెదడుకు నొప్పిగా తెలుస్తుంది. దారి రెండు వైపులా నడుస్తుందనడానికి దీనికి మించిన ఉదాహరణ లేదు. వీక్లీ టెస్ట్ రోజు పొద్దున్నే సిక్ రూమ్ ముందు కనిపించే పిల్లల పేర్లు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. అవే పేర్లు నాలుగు వారాలు వరుసగా వస్తే ఆ పిల్లలను డాక్టర్‌కు చూపించాలి, ట్యూటర్‌తో తిట్టించకూడదు. మలంలో రక్తం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, రక్తహీనత ఉంటే అది ఐబీఎస్ అనుకుని ఊరుకోకూడదు. ఆడపిల్లల్లో నీరసం, ధ్యాస నిలవకపోవడం కనిపిస్తే బ్యాక్టీరియా గురించి ఆలోచించే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించండి.

ఇక మరుగుదొడ్లు. టిఫిన్ తిన్న అరగంట లోపు పెద్దపేగు తనంతట తను కదులుతుంది. వెళ్ళడానికి శరీరం సిద్ధంగా ఉండే సమయం అది. సరిగ్గా ఆ సమయానికే మీ టైంటేబుల్లో మొదటి పీరియడ్ మొదలవుతుంది. పిల్లలు ఆపుకుంటారు. రోజూ ఆపుకుంటే పెద్దపేగు నీళ్ళు పీల్చేసుకుని మలం గట్టిపడుతుంది, పురీషనాళానికి ఆ కబురు పంపే చురుకు తగ్గుతుంది. కదలిక మందగించిన పేగులో పీచు అయిపోయి బ్యాక్టీరియా ప్రొటీన్లను కుళ్ళబెట్టడం మొదలుపెడుతుంది. దుర్వాసన, ఉబ్బరం, చిరాకు. టిఫిన్ తర్వాత క్లాసు లేకుండా 25 నిమిషాలు వదిలిపెట్టండి. తలుపు గడియ పడాలి, కుళాయిలో నీళ్ళు రావాలి, సబ్బు ఉండాలి. ఇవి లేకుండా పీచు ఒక్కటే పెంచితే మేలు కంటే ఇబ్బందే ఎక్కువ.

సిక్ రూమ్ డబ్బా తెరిచి చూడండి. ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్, అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ విడి స్ట్రిప్పులు ఉంటే అవి అక్కడ ఉండకూడదు. నీళ్ళ విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చి రెండు మూడు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. యాంటీబయోటిక్ వాటిని తగ్గించదు, పైగా పేగులో ఉన్న మంచి బ్యాక్టీరియాను తుడిచిపెడుతుంది. ఒక్క కోర్సు తర్వాత చాలా రకాలు కొన్ని వారాల్లో తిరిగి వస్తాయి, కొన్ని ఆరు నెలలకు కూడా రావు. ‘యాంటీబయోటిక్‌తో పాటు ప్రోబయోటిక్ ఇస్తున్నాంగా’ అంటారేమో. 2018లో వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ చేసిన చిన్న ప్రయోగంలో అలా ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్ళ సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం, ఏమీ తీసుకోనివాళ్ళ కంటే ఆలస్యమైంది. డాక్టర్ రాసిన యాంటీబయోటిక్ మాత్రం రాసినన్ని రోజులు వాడాల్సిందే. మేం చెప్పేది వార్డెన్ ఇచ్చే యాంటీబయోటిక్ గురించి. మలంలో రక్తం ఉంటే, జ్వరం ఉన్నా లేకున్నా, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. లేకపోతే ఓఆర్ఎస్.

ఓఆర్ఎస్‌లోనూ ఒక తప్పు తరచుగా జరుగుతుంది. 20.5 గ్రాముల ప్యాకెట్ పూర్తిగా ఒక లీటరు నీళ్ళకు. సగం ప్యాకెట్ గ్లాసుడు నీళ్ళలో కలిపితే చిక్కనై విరేచనాలు ఇంకా పెరుగుతాయి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. ఓఆర్ఎస్ అన్న పేరు తగిలించుకుని అమ్మే పండ్లరసం డబ్బాల్లో చక్కెర ఎక్కువ. ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. పాత సరుకు స్టోర్‌లో ఉంటే తీసేయండి.

పేగు ఇన్ఫెక్షన్ తగ్గాక సుమారు పది మందిలో ఒకరికి ఐబీఎస్ మిగిలిపోతుంది. ఇన్ఫెక్షన్ నాటికే ఆందోళనలో ఉన్నవాళ్ళకు ఆ ముప్పు ఎక్కువ. అందుకే నీళ్ళ ట్యాంకు కూడా మానసిక ఆరోగ్యం లెక్కలోకే వస్తుంది. 2018లో గుంటూరు ఆనందపేటలో అతిసారం, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద తర్వాత సింగ్‌నగర్ వైపు నీళ్ళ కష్టాలు మనం చూసినవే. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ వేసి గంట ఆగాక, చివరి అంతస్తు కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉందో లేదో కిట్‌తో చూడండి. అంత లేకపోతే మోతాదు పెంచి మళ్ళీ చూడాలి. తెరిచి ఉంచిన పౌడర్ డబ్బా మన ఉక్కకు త్వరగా బలం కోల్పోతుంది.

నిద్ర గురించి మీకు వినాలని ఉండదని తెలుసు. 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండున్నర దాకా స్టడీ అవర్, పొద్దున ఐదుకు లేపడం అంటే ఐదున్నర గంటలు. పేగు బ్యాక్టీరియాకూ పగలూ రాత్రీ ఉంటాయని, నిద్రవేళలు తారుమారైతే వాటి తీరు కూడా మారుతుందని 2014లో వైజ్‌మన్ పరిశోధకులే చూపించారు. బ్యాక్టీరియా సంగతి అటుంచినా, నిద్ర లేని మెదడులో చదివింది నిలవదు, దిగులు పెరుగుతుంది. దీనికి ఏ పెరుగూ పరిహారం కాదు.

మళ్ళీ బ్రోచర్ వస్తే నాలుగు విషయాలు కాగితం మీద అడగండి. బ్యాక్టీరియా జాతి పేరు చివర ఉండే స్ట్రెయిన్ (ఆ జాతిలోని ఉపరకం) గుర్తు ఏమిటి? గడువు తేదీ నాటికి బతికి ఉండే లెక్క ఎంత? సరిగ్గా ఆ స్ట్రెయిన్‌ను ఈ వయసు పిల్లలకు ఇచ్చి, ఉత్తుత్తి మందుతో పోల్చిన ప్రయోగం ఏది? ఏ ఉష్ణోగ్రతలో నిల్వ చేయాలి, ఫ్యాక్టరీ నుంచి మీ స్టోర్ రూమ్ దాకా 44 డిగ్రీల ఎండలో ఏ బండిలో వచ్చింది? ఒక స్ట్రెయిన్‌కు వచ్చిన ఫలితం అదే జాతిలో ఇంకో స్ట్రెయిన్‌కు చెల్లదు.

మేం పైన రాసినదంతా చేసినా డిప్రెషన్ తగ్గిపోతుందని కాదు. మెస్ బాగుపడితే కౌన్సెలర్ అక్కర్లేదని ఎవరైనా ఈ ఉత్తరం చూపించి వాదిస్తే అది మా మాట కాదు. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్ట్‌నో నియమించాలని 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది, అదీ మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే. పీఈటీకో, కెమిస్ట్రీ లెక్చరర్‌కో ఆ బాధ్యత అదనంగా అంటగడితే అది నియామకం కాదు. టెలీ మానస్ నంబర్ 14416. ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ ప్రతి అంతస్తులో గోడ మీద ఉండాలి, దానికి ఫోన్ చేసుకోవడానికి వార్డెన్ అనుమతి అడిగే పని లేకుండా ఒక ఫోన్ ఉండాలి. పిల్లలు రెండు వారాలుగా తిండి తగ్గించి, ఎవరితోనూ మాట్లాడకుండా, ‘నా వల్ల కాదు’ అంటుంటే ఔటింగ్ దాకా ఆగకుండా ఆ రోజే తల్లిదండ్రులకు చెప్పండి. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వినిపిస్తే ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

మానసిక వైద్యుడు రాసిన మందు ఇప్పటికే వాడుతున్న పిల్లలు మీ దగ్గర ఉండే ఉంటారు. పెరుగు, గుగ్గిళ్ళు మొదలయ్యాయని ఆ మందు ఎవరూ మాన్పించకూడదు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, వికారం, నిద్ర పట్టకపోవడం, పాత జబ్బు తిరగబెట్టడం జరుగుతాయి. మందులు వార్డెన్ దగ్గర ఉంటే వేళకు ఇచ్చినట్టు సంతకం పెట్టే పుస్తకం విడిగా, మిగతా పిల్లల కంట పడకుండా ఉండాలి. వారానికి సరిపడా మందు మిగిలి ఉండగానే ఇంటికి ఫోన్ వెళ్ళాలి.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు నగరాల్లో పనిచేస్తున్న కొందరు జీర్ణకోశ వైద్యులు, మానసిక వైద్యులు, మైక్రోబయాలజిస్టులు, పోషకాహార నిపుణులు